అరకు నుంచి కోరాపుట్ దాకా: ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల్లో గైడుతో ప్రయాణం, తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రయాణం గురించి ఫోన్ చేసేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాశాం. బుక్ చేసుకునే ముందు ఒకసారి పూర్తిగా చదవండి. ముఖ్యంగా ఫొటోల గురించి, బోండా గ్రామాల గురించి రాసినవి చదవకుండా రావద్దు.

ఏ దారిలో వెళ్తాం? ఎన్ని రోజులు?

సోమవారం పొద్దున విశాఖపట్నంలో కిరండూల్ రైలు ఎక్కుతాం, శనివారం రాత్రికి మళ్లీ విశాఖ చేరతాం. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపడం కోసం 1960లలో వేసిన రైలు మార్గం ఇది. అందుకే ప్రయాణికుల బండి కన్నా ఖనిజం బళ్లే ఈ లైన్లో ఎక్కువ. ఎదురుబండి కోసం చిన్న స్టేషన్లో చాలాసేపు ఆగిపోతే కంగారు పడకండి.

అరకులో రెండు రాత్రులు ఉంటాం. బుధవారం ముంచింగిపుట్టు, జలాపుట్ మీదుగా మాచ్‌ఖండ్ చేరతాం. గురువారం లమతాపుట్ చుట్టుపక్కల గదబ తెగ గ్రామాలు చూస్తాం. శుక్రవారం కుందులి సంత. శనివారం తెల్లవారుజామున దేవ్‌మాలి ఎక్కుతాం. 1,672 మీటర్ల ఎత్తున్న ఈ కొండ ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైనది. తర్వాత పొట్టంగి, సుంకి ఘాట్, సాలూరు మీదుగా దిగివస్తాం.

రోజులను ఇలా అమర్చడానికి కారణం కుందులి సంత. అది శుక్రవారమే జరుగుతుంది కాబట్టి మిగతా రోజులన్నీ దాన్ని బట్టి సర్దాం. "శని, ఆదివారాల్లో పెట్టండి, సెలవు దొరకదు" అని చాలామంది అడుగుతారు. సంత లేకుండా ఈ ప్రయాణం చేయించలేం.

రాష్ట్రం సరిహద్దు దాటితే తేడా తెలుస్తుందా?

బోర్డుల మీద లిపి మారుతుంది. మనుషులు, పొలాలు, ఇళ్లు మాత్రం మారవు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా కోరాపుట్, జయపురం ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. ఆ రోజు కొండల మీదుగా గీసిన గీత బంధుత్వాలను, సంతలను, పూజలను ఆపలేదు. ఇప్పటికీ ముంచింగిపుట్టు వైపు ఆడపిల్లను అటు ఇస్తారు, అటువాళ్లు ఇటు సంతకొస్తారు. జయపురం, రాయగడ పట్టణాల్లో తెలుగు ఇళ్లు ఎన్నో ఉన్నాయి.

అయితే ఆ గీత కాగితాల మీద చాలా పని చేస్తోంది. గుతోబ్ గదబలనే చూడండి. ఆంధ్రాలో వాళ్లు పీవీటీజీ జాబితాలో, అంటే ఆదివాసుల్లోనూ బాగా వెనకబడి ప్రత్యేక రక్షణ అవసరమని గుర్తించిన సమూహాల్లో ఉన్నారు. ఒడిశా జాబితాలో 13 సమూహాలున్నాయి, వాటిలో గదబల పేరు లేదు. ఒకే వంశం వాళ్లయినా, ఏటికి ఏ గట్టున పుట్టారన్న దాన్ని బట్టి పథకాలు మారిపోతాయి.

శనివారం దిగివచ్చే దారికి దగ్గర్లోనే కొటియా గ్రామాలున్నాయి. ఆ 21 గ్రామాలు మావంటే మావని రెండు రాష్ట్రాలూ దశాబ్దాలుగా వాదించుకుంటున్నాయి. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. రెండు ప్రభుత్వాలూ రోడ్లు వేస్తాయి, రేషన్ ఇస్తాయి, ఎన్నికలు పెడతాయి. ఆ ఊళ్లలోకి మనం వెళ్లం. వెళ్తే ఎవరి తరఫున వచ్చారని అడుగుతారు, ఆ ఇబ్బంది మనకు ఆతిథ్యం ఇచ్చినవాళ్ల మీద పడుతుంది.

ఇక మాచ్‌ఖండ్ నది. మాడుగుల కొండల్లో పుట్టి, కొంత దూరం తానే సరిహద్దుగా నడిచి, కిందికి వెళ్లేసరికి సీలేరు అవుతుంది. డుడుమ దగ్గర పెద్ద జలపాతమై దూకుతుంది. 1955లో మొదలైన జల విద్యుత్ కేంద్రం నుంచి రెండు రాష్ట్రాలూ కరెంటు పంచుకుంటున్నాయి. జలాపుట్ జలాశయం కింద చాలా గ్రామాలు మునిగిపోయాయి. నీళ్ల ఒడ్డున నిలబడినప్పుడు అక్కడి గైడు ఆ ఊళ్ల పేర్లు చెబుతాడు. దయచేసి ఆ పది నిమిషాలూ సెల్ఫీలు పక్కన పెట్టండి.

దారిలో ఏయే తెగల వాళ్లను కలుస్తాం? వాళ్ల భాష మనకు అర్థమవుతుందా?

ఆంధ్రా వైపు బగతలు, కొండదొరలు, కోందులు, వాల్మీకులు, కొటియాలు, పోర్జాలు, గదబలు ఉంటారు. ఒడిశా వైపు పరోజాలు, గదబలు, కోందులు, భూమియాలు ఎక్కువ. "గిరిజనులు" అని ఒక్క మాటలో అనేస్తాం గానీ, పక్క పక్క ఊళ్లే భాషలో, పెళ్లి పద్ధతిలో, చావు కర్మల్లో పూర్తిగా వేరుగా ఉండొచ్చు.

భాషల సంగతి తెలుసుకుంటే తెలుగువాళ్లకు ఈ కొండల మీద ప్రేమ ఇంకా పెరుగుతుందని మా నమ్మకం. ద్రావిడ భాషల్లో తెలుగుకు దగ్గరి చుట్టాలు తమిళం, కన్నడం అనుకుంటాం. భాషా శాస్త్రజ్ఞుల లెక్కలో మన భాష గోండి, కుయి, కువి, కొండదొరల కొండ భాషలతో ఒకే కొమ్మ మీద ఉంది. అంటే అరకు సంతలో ఒక కొండదొర అవ్వ తన భాషలో మాట్లాడుతుంటే, మీరు వింటున్నది మన సొంత కొమ్మ భాషనే. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఆ కొండ భాషకు పూర్తి వ్యాకరణం రాసి 1969లో ప్రచురించారు.

గదబల గుతోబ్, బోండాల రెమో, డిడాయిల గ్తా భాషలు పూర్తిగా వేరే కుటుంబానివి. అవి ముండా భాషలు, ఆగ్నేయాసియాలోని ఖ్మేర్, వియత్నామీస్ భాషలకు దూరపు బంధువులు. గదబల్లోనే ఒల్లారి శాఖ వాళ్లు మాట్లాడేది మళ్లీ ద్రావిడ భాష. ఇన్ని భాషల వాళ్లూ సంతలో కలిసినప్పుడు దేశియా అనే ఆదివాసీ ఒడియాలో మాట్లాడుకుంటారు. ఆంధ్రా వైపు తెలుగుతో పని జరిగిపోతుంది. అటువైపు వ్యాపారుల్లో చాలామందికి తెలుగు వచ్చు, ఊళ్లలో మాత్రం గైడు లేకుండా కష్టం.

గైడు ఎవరు? విశాఖ నుంచి వస్తారా?

మా మనిషి ఒకరు మొదటి నుంచి చివరిదాకా మీతో ఉంటారు. బండి, గది, భోజనం, మందుల సంగతి ఆయన చూసుకుంటారు. ఊళ్లలో మాట మాత్రం ఆయనది కాదు. ప్రతి ఊళ్లోనూ ఆ ఊరి మనిషే గైడు. రేటు ఆ ఊరివాళ్లే చెబుతారు, డబ్బు రోజు ముగిసేలోగా వాళ్ల చేతికే ఇస్తాం.

గైడు "ఈ వీధిలోకి ఈరోజు వద్దు" అంటే వద్దు. ఇంట్లో చావు జరిగి ఉండొచ్చు, పూజ ఉండొచ్చు, ఏదైనా తగాదా పంచాయితీ నడుస్తుండొచ్చు. కారణం చెప్పమని బలవంతం చేయకండి. డబ్బు కట్టాం కదా అనే మాట ఊళ్లో ఎవరి నోటా రాకూడదు.

బోండా గ్రామాలకు తీసుకెళ్తారా?

తీసుకెళ్లం. అన్నిటికన్నా ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాం.

బోండాలు మల్కన్‌గిరి జిల్లా ఖైర్‌పుట్ వైపు కొండల మీద ఉంటారు. మెడ నిండా ఇత్తడి కడియాలు, ఒంటి మీద పూసల వరసలు ఉన్న బోండా స్త్రీల ఫొటోలు మీరు చూసే ఉంటారు. ఆ ఫొటోల కోసమే ఎన్నో ఏళ్ల పాటు విదేశీయులను, మనవాళ్లను జీపుల్లో గురువారం ఒనుకుడెల్లి సంతకు తీసుకెళ్లేవారు. గంపలో నాలుగు సొరకాయలు పెట్టుకుని, కొండ దిగి నడిచి వచ్చిన మనిషి చుట్టూ పది కెమెరాలు మూగేవి. ఆమె అమ్ముకోవడానికి వచ్చింది, కొనేవాడు దగ్గరికి రాలేకపోయేవాడు. ఆదిమ సమూహాల ప్రాంతాల్లో పర్యాటకుల మీద, ఫొటోల మీద ఒడిశా ప్రభుత్వం 2012లో ఆంక్షలు పెట్టింది.

ఆంక్షలు రేపు ఎత్తేసినా మేం తీసుకెళ్లం. వాళ్లు పిలవలేదు. గదబ గ్రామాల్లో మేం వెళ్లే ఊళ్లు పిలిచినవి, మాతో కూర్చుని షరతులు మాట్లాడుకున్నవి. ఆ తేడా మాకు చాలా ముఖ్యం. బోండా చూపిస్తామని బేరం పెట్టే జీపు డ్రైవర్లు దారిలో ఎదురవుతారు. మీరు వాళ్లతో వెళ్తే అక్కడితో మీ ప్రయాణం మాతో ముగిసినట్లే. ఈ విషయంలో డబ్బు వాపసు ఉండదు.

మరి ఫొటోలు అసలు తీసుకోకూడదా?

కొండలు, పొలాలు, జలపాతాలు మీ ఇష్టం. అక్టోబరు, నవంబరులో వలిసె పూలతో లోయలు పసుపు పచ్చగా ఉంటాయి, ఎన్ని తీసుకున్నా తనివి తీరదు.

మనిషిని తీయాలంటే ముందు మాట్లాడాలి. పేరు చెప్పుకోండి, పేరు అడగండి, గైడు సాయంతో అనుమతి అడగండి. తల అడ్డంగా ఊపితే కెమెరా దించేయండి. పిల్లల ఫొటోకు తల్లినో తండ్రినో అడగాలి, పిల్లలు నవ్వుతూ ఎదురొచ్చినా సరే. ఏటి దగ్గర, బావి దగ్గర ఆడవాళ్లు ఉంటే కెమెరా సంచిలోంచి తీయవద్దు. డబ్బిచ్చి ఫొటో తీసుకోవద్దు. తీసిన ఫొటోలు మాకు పంపండి, ప్రింట్లు వేయించి తర్వాతి బృందంతో ఆ ఇంటికి చేరుస్తాం. చాలా ఇళ్లలో ఆ ప్రింట్లు గోడకు ఉంటాయి, చూపించి మురిసిపోతారు.

గదబ గ్రామాల మధ్యలో పెద్ద రాళ్లు పేర్చిన ఒక చోటు కనిపిస్తుంది. దాన్ని సొదోర్ అంటారు. ఊరి పెద్దలు కూర్చుని మాట్లాడుకునే చోటు, పూర్వీకుల గుర్తులు ఉన్న చోటు అది. అలసిపోయి వచ్చినవాళ్లకు ఆ రాళ్లు చప్టాలా కనిపిస్తాయి. గైడు చెప్పేదాకా కూర్చోకండి, కాలు పెట్టకండి.

థింసా ఏర్పాటు చేస్తారా?

అరకులో రిసార్టుల దగ్గర రాత్రిపూట మంట వేసి థింసా ఆడించే బృందాలున్నాయి, అది వాళ్ల ఉపాధి. చూడాలనుకుంటే అరకు రాత్రుల్లో మీరు విడిగా వెళ్లి చూడొచ్చు. ఊళ్లలో మాత్రం మేం అడగం. మోరి ఊది, తుడుం, డప్పు మోగితే ఊరంతా చేయి చేయి పట్టుకుని కదిలే ఆట అది. పండగకో పెళ్లికో మనం అక్కడ ఉంటే, రమ్మని చేయి పట్టి లాగితే, మొహమాటపడకుండా వెళ్లండి. అడుగులు తప్పినా ఎవరూ ఏమీ అనుకోరు.

ఏ నెలలో వస్తే బాగుంటుంది?

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. కాఫీ పళ్లు ఎర్రబడి కోతకు వచ్చేది ఆ నెలల్లోనే. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్లకే పాకించిన మిరియాల తీగ, ఇదీ ఇక్కడి తోట. అరకు కాఫీకి 2019లో జీఐ గుర్తింపు, అంటే ఆ ప్రాంతానికే చెందిన సరుకన్న గుర్తింపు వచ్చింది. డిసెంబరు, జనవరి రాత్రులు చలి గట్టిగా ఉంటుంది. స్వెట్టరు ఒక్కటే సరిపోదు, చెవులకు, కాళ్లకు కూడా తెచ్చుకోండి.

జులై నుంచి సెప్టెంబరు దాకా మేం ప్రయాణాలు పెట్టం. కొండచరియలు విరిగి రైలూ రోడ్డూ ఆగిపోతాయి. చైత్ర మాసంలో ఒక్క బృందాన్ని తీసుకెళ్తాం. అప్పుడు ఇటు ఇటుకల పండగ, అటు చైత పరబ్. మగవాళ్లు వేటకు వెళ్తారు, ఆడవాళ్లూ పిల్లలూ రోడ్డుకు అడ్డంగా కర్ర పెట్టి పండగ డబ్బులు అడుగుతారు. చిల్లర సిద్ధంగా ఉంచుకుని, సంతోషంగా ఇచ్చి ముందుకెళ్లాలి.

ఏఓబీ (ఆంధ్రా ఒడిశా సరిహద్దు) అంటేనే టెన్షన్‌గా ఉంది. భద్రంగా ఉంటుందా?

ఈ కొండల్లో మావోయిస్టులకు, పోలీసులకు మధ్య ఎన్నో ఏళ్లు కాల్పులు జరిగాయి. మధ్యలో నలిగినవాళ్లు ఊళ్లవాళ్లే. కాబట్టి మీ భయాన్ని తేలిగ్గా తీసుకోం. మేం వెళ్లేవి బస్సులు తిరిగే రోడ్లు, సంతలు జరిగే ఊళ్లు. చీకటి పడేలోపు బస చేరతాం. పోలీసులు వద్దన్న రోజు వెళ్లం. మీ ఆధార్ కార్డు అసలుది వెంట ఉండాలి, తనిఖీల్లో అడుగుతారు.

ఇంకో మాట. ఇటు నుంచి గంజాయి రవాణా జరుగుతుందన్నది అందరికీ తెలిసిందే, అందుకే చెక్‌పోస్టుల్లో బండి మొత్తం దింపించి వెతుకుతారు. "ఈ సంచి విశాఖలో మావాళ్లకు ఇవ్వండి" అని ఎవరైనా అడిగితే, ఎంత మంచివాళ్లలా కనిపించినా తీసుకోకండి. ఇలా ఇరుక్కుని జీవితాలు పాడైన కుర్రాళ్లు చాలామంది ఉన్నారు.

ఆరోగ్యం పాడైతే?

ఏజెన్సీలో మలేరియా ఇంకా ఉంది. సాయంత్రం నుంచి నిండు చేతుల బట్టలు వేసుకోండి, దోమతెర మేం ఇస్తాం. ముందుగా మందులు వాడాలా అన్నది మీ డాక్టరును అడగండి. వెళ్లొచ్చిన కొన్ని వారాల్లో జ్వరం వస్తే ఏజెన్సీకి వెళ్లొచ్చామని డాక్టరుకు తప్పకుండా చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి. ఘాట్ రోడ్లలో వాంతులయ్యేవాళ్లు మాత్ర వెంట తెచ్చుకోండి.

ఒడిశా వైపు పెద్ద ఆసుపత్రి కోరాపుట్‌లోని శహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ. అల్లూరి సీతారామరాజు పేరు తెలియని తెలుగువాళ్లు ఉండరు, ఈ కొండల అటువైపు వీరుడి పేరు మాత్రం మనలో చాలామందికి తెలియదు. లక్ష్మణ్ నాయక్ భూమియా తెగ మనిషి. 1942 క్విట్ ఇండియా ఉద్యమంలో తన ప్రాంతాన్ని నడిపించాడు. 1943 మార్చి 29న బరంపురం జైల్లో ఆయనను ఉరితీశారు. కోరాపుట్‌లో దిగినప్పుడు ఆయన గురించి గైడును అడగండి, గర్వంగా చెబుతారు.

పెద్దవాళ్లు, చిన్నపిల్లలు రావచ్చా?

రోజుకు రెండు మూడు గంటలు ఎగుడు దిగుడు దారిలో నడవగలిగితే చాలు. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ఘాట్ ప్రయాణాలు కష్టం. అమెరికా నుంచి సెలవులకు వచ్చి అమ్మానాన్నలతో కలిసి వచ్చే కుటుంబాలున్నాయి. వాళ్లకు మా సలహా ఒకటే: విమానం దిగిన మర్నాడే బయల్దేరకండి, పెద్దవాళ్లకు దేవ్‌మాలి ఎక్కే పూట విశ్రాంతి పెట్టండి.

తిండి సంగతి?

పొద్దున చోడి (రాగి) అంబలి, అటువైపు దాన్నే మండియా పేజ్ అంటారు. మధ్యాహ్నం అన్నం, పప్పు, కొండ చిక్కుడో గుమ్మడో కూర, అడ్డాకుల విస్తరిలో. కాలాన్ని బట్టి సామలు, పుట్టగొడుగులు, వెదురు కొమ్ముల కూర దొరుకుతాయి. శాకాహారులకు ఏ ఇబ్బందీ లేదు. అరకులో వెదురు బొంగు చికెన్ రోడ్డు పక్కనే దొరుకుతుంది.

జీలుగు కల్లు, ఇప్పసారా ఇక్కడి పూజల్లో, పండగల్లో భాగం. పెద్దలు ఆకు దొన్నెలో పోసి ఇస్తే ఒక చుక్క నోట వేసుకోవచ్చు, లేదా రెండు చేతులతో అందుకుని నమస్కరించి తిరిగి ఇవ్వొచ్చు. మీరు సీసాలు తెచ్చి ఊళ్లో తాగడం మాత్రం కుదరదు.

బస, బాత్రూములు?

అరకులో, కోరాపుట్‌లో మామూలు హోటల్ గదులు. మిగతా రాత్రులు ఊరి ఇంటికి ఆనుకుని కట్టిన గదుల్లో, శుభ్రమైన పడకతో. మరుగుదొడ్డి ఉంటుంది, వేడి నీళ్లు కట్టెల పొయ్యి మీద కాచి బకెట్లో ఇస్తారు. కరెంటు పోవడం మామూలే.

పిల్లలకు చాక్లెట్లు, పాత బట్టలు తీసుకురావచ్చా?

వద్దు. బండి కనిపించగానే చేయి చాచడం ఆ పిల్లలకు నేర్పింది వచ్చిపోయేవాళ్లే. ఇవ్వాలని నిజంగా ఉంటే బడికి ఏం కావాలో మాస్టారిని అడిగి చెబుతాం. చాలాసార్లు వాళ్లు అడిగేది ఆటబంతులు, తెలుగు కథల పుస్తకాలు.

సంతలో ఏం కొనాలి? బేరం ఆడొచ్చా?

పసుపు, అల్లం, చింతపండు, రాజ్మా, మిరియాలు, కొండ చీపుర్లు. కుందులిలో చాలా సరుకు కుప్పలుగా పోసి అమ్ముతారు. పది గంటలకల్లా చేరితే కొండ దిగి వచ్చేవాళ్లు బారులుగా కనిపిస్తారు. ఊరి చివరే దళారులు కాపుకాసి గంపలు దింపించి తక్కువకు లాగేసుకోవడం కూడా చూస్తారు. అందుకే మా మాట: అమ్మే మనిషి చెప్పిన ధరకు, ఆమె చేతి నుంచే కొనండి. విశాఖలో కొనే ధరతో పోలిస్తే అది ఎలాగూ తక్కువే. తేనె, కాఫీ పొడి కావాలంటే గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో తీసుకోండి.

బట్టల మీద ఆసక్తి ఉన్నవాళ్లు కోరాపుట్‌లో కొట్పాడ్ చేనేత అడగండి. ఆల్ చెట్టు వేరు రంగుతో అద్దిన ముదురు ఎరుపు, కాఫీ రంగుల నేత అది, 2005లోనే జీఐ వచ్చింది. గదబ స్త్రీలు కెరంగ్ నారతో నేసుకునే చారల బట్ట ఇప్పుడు బాగా అరుదు. ఎవరి ఇంట్లోనైనా కనిపిస్తే అమ్మమని అడగకండి.

అరకులో కొంచెం స్థలం కొనుక్కోవచ్చా?

గిరిజనేతరులు కొనలేరు. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల పేరు మీదకు మారకూడదు. బొర్రా చుట్టుపక్కల ఊళ్ల గనుల లీజుల మీద సమత అనే సంస్థ వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, ప్రభుత్వం కూడా అక్కడి భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకు ఇవ్వకూడదని చెప్పింది. కాఫీ తోటలు ఇంకా గిరిజనుల చేతుల్లో ఉన్నాయంటే ఆ రక్షణ వల్లే. బినామీ పేరు మీద ఇప్పిస్తామనేవాళ్లను దగ్గరికి రానివ్వకండి.

ఫోన్ సిగ్నల్, డబ్బు?

అరకు, కోరాపుట్‌లలో పర్వాలేదు. జలాపుట్ వైపు సిగ్నల్ గంటల తరబడి ఉండదు, ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి. సంతలో ఫోన్‌పే మీద ఆధారపడొద్దు. పది, ఇరవై, యాభై నోట్లు విశాఖలోనే మార్చుకుని రండి.

రోడ్డు మూసేస్తే, ప్రయాణం మధ్యలో ఆగితే?

వాన వల్లో పోలీసుల సూచన వల్లో బయల్దేరే ముందే రద్దు చేస్తే మొత్తం డబ్బు తిరిగి ఇస్తాం. మధ్యలో దారి మారిస్తే హోటల్, బండి ఖర్చుల్లో మిగిలినది లెక్కగట్టి ఇస్తాం. ఊరి గైడులకు, వంట చేయాల్సిన ఇళ్లకు చెల్లించే భాగం మాత్రం తిరిగి రాదు. మనం చేరకపోయినా వాళ్లు ఆ రోజు కూలి మానుకుని, సరుకు తెచ్చుకుని ఎదురుచూసి ఉంటారు కాబట్టి ఆ డబ్బు వాళ్లకే వెళ్తుంది.